పాత మస్టాంగుకు కొత్త బ్రేకులు

1964వ సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డు కంపెనీవారు మస్టాంగ్ అను కారును ప్రజల యెదుట నిలిపినప్పుడు, దాని పొడవైన ముందుభాగమును పొట్టి వెనుకభాగమును చూచి ముచ్చటపడిన అమెరికా యువతరము, 2,368 డాలర్ల ప్రారంభపు ధర తమకు అందుబాటులో నుండుట విని మరింత సంతసించి, రెండేండ్లు నిండకమునుపే పది లక్షల కార్లను కొనివేసెను. వానిలో అత్యధిక భాగము నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులతోనే కర్మాగారము వెడలినవి. ముందు చక్రములకు డిస్కు బ్రేకులు కావలెనన్నవారు 1965 నమూనాలయందు అదనపు సొమ్ము చెల్లించి తెప్పించుకొనవలసి యుండెను. అట్లు చెల్లించినవారు కొలదిమందియే. అరువదేండ్ల నాటి యీ కార్లను నేటికిని శ్రద్ధగా పోషించుచు రోడ్లపై నడుపువారు పెక్కుమంది యున్నారు. ఇంజిను బాగుచేయించి, రంగు వేయించి, తోలు సీట్లు కుట్టించిన పిమ్మట వారిలో అనేకులు తలపెట్టు కార్యము, డ్రమ్ములు తీసివేసి డిస్కులు పెట్టించుట.

పైపైన చూచువారికి ఇది చక్రములయొద్ద జరుగు వస్తువినిమయముగా తోచును. పాత డ్రమ్మును ఊడదీసి, దాని స్థానమున మెరయుచున్న ఇనుప బిళ్లను, దానిని ఇరువైపుల పట్టుకొను కాలిపరును బిగించినచో పని ముగిసెనని యనుకొనుట సహజము. నిజమునకు డ్రైవరు పాదము మోపు పెడలు మొదలుకొని టైరు నేలను తాకు చోటు వరకు గల సమస్త యంత్రాంగమును ఆనాటి ఇంజనీర్లు డ్రమ్ము స్వభావమును మనసున నుంచుకొని లెక్కగట్టి కూర్చిరి. కావున చక్రముకడ ఒక్క భాగమును మార్చినవారు మిగిలిన భాగములన్నింటి లెక్కను తిరిగి చూడవలసినదే. ఈ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచిన మాట యిదియే.

వేగముగా పోవు కారును ఆపుట యనగా దాని చలనశక్తిని వేడిగా మార్చి గాలిలోనికి వదలుట. మనుష్యులతో గూడ సుమారు 1,300 కిలోల బరువు తూగు మస్టాంగు గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు దానియందు ఇంచుమించు 5 లక్షల జౌళ్ల శక్తి యుండును. ఒకటిన్నర లీటరుకు పైబడిన నీటిని మరుగునట్లు చేయుటకు చాలిన యీ శక్తిని నాలుగైదు సెకండ్లలో బ్రేకులు తమలో ఇముడ్చుకొనవలెను. వేగము రెట్టింపైనచో ఈ శక్తి నాలుగు రెట్లగును. బ్రేకుల విషయమున మంచిచెడ్డలన్నియు తుదకు ఆ వేడి ఎక్కడ పుట్టునో, ఎంత త్వరగా వెలికిపోవునో అను ప్రశ్నయొద్దకే వచ్చి చేరును.

డ్రమ్ము బ్రేకును ఇప్పటివారు కాలముచెల్లిన వస్తువుగా చులకన చేయుట కద్దు గాని, దాని నిర్మాణమున గల యుక్తి సామాన్యమైనది కాదు. చక్రముతోబాటు తిరుగు పోతయినుప డ్రమ్ము లోపల వంపుగా నున్న రెండు షూలు, వాని వీపులపై లైనర్లు, ఆ రెండింటి పైకొనల నడుమ ఒక చిన్న సిలిండరు ఉండును. పెడలు తొక్కగనే బ్రేకు ఆయిలు ఒత్తిడికి సిలిండరులోని పిస్టన్లు వెలుపలికి జరిగి షూలను డ్రమ్ము గోడకు అదుమును. మస్టాంగులోని బెండిక్స్ పద్ధతియందు షూల అడుగుకొనలు కదలకుండ బిగింపబడియుండవు. మరలతో కూడిన యొక సర్దుబాటు తునక వానిని ఒకదానితో నొకటి కలిపియుంచును. ముందువైపు షూ డ్రమ్మును తాకిన క్షణమున తిరుగుచున్న డ్రమ్మే దానిని తనతో ఈడ్చుకొనిపోవ జూచును. ఆ షూ తన వంతుగా వెనుక షూను నెట్టును. వెనుక షూ పైనున్న ఆనికమేకుకు తగులుకొని మరింత గట్టిగా డ్రమ్మునకు అతుకుకొనును. ఈ విధముగా కారు వేగమే కారును ఆపు బలమును పెంచును. కారును వెనుకకు నడుపుచు బ్రేకు వేసినప్పుడు అరిగిన లైనర్ల సందును తనంత తానే సరిచేసుకొను ఏర్పాటు సైతము దీనియందు గలదు. కాలి బలమును హెచ్చించు బూస్టరు లేకుండగనే, సన్నని కాలుగల వారును బరువైన కారును ఆపగలిగిరన్నచో అది యీ యుక్తి ప్రభావమే.

అయితే బలమును పెంచు గుణము లోపమును సైతము పెంచును. ఎడమ చక్రపు లైనరుకు కొంచెము గ్రీజు అంటినను, కుడి చక్రములో కొంచెము తడి చేరినను, ఆ స్వల్ప భేదము అనేక రెట్లై కారు ఒక ప్రక్కకు లాగును. వర్షపునీటిలోనుండి దాటిన పిదప కొంతదూరము వరకు బ్రేకు పట్టీపట్టకుండ నుండుట పాత కార్లు నడిపినవారందరు ఎరిగినదే. వీటన్నింటికంటె పెద్ద లోపము వేడికి లొంగుట. రాపిడి జరుగు తలము డ్రమ్ము లోపల మూతబడి యుండుటవలన గాలి నేరుగా తగులదు. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమగును. లైనరు పదార్థపు పట్టు సన్నగిల్లును. పెడలు క్రిందికి పోవును గాని కారు ఆగదు. అమెరికాలోని కొలరాడోయందు పైక్స్ శిఖరమునుండి దిగివచ్చు రోడ్డుమీద, గ్లెన్ కోవ్ అను చోట, ఉద్యోగులు దిగు కార్లను నిలిపి బ్రేకుల వేడిని కొలిచి చూచు ఏర్పాటు నేటికిని గలదు. తిరుమలనుండి దిగు పాత ఘాట్ రోడ్డుపై మనవారు తక్కువ గేరులో దిగుడని హెచ్చరించుటకును కారణ మిదియే. బ్రేకులు ఎట్టివైనను ఆ హెచ్చరిక చెల్లును గాని, నాలుగు డ్రమ్ములుగల కారునకు అది ప్రాణముతో ముడివడిన నియమము.

డిస్కు బ్రేకు భావము కొత్తది కాదు. ఆంగ్లదేశమున లాంచెస్టర్ అను ఇంజనీరు 1902లోనే దానికి పేటెంటు పొందెను. కాని రాగి పట్టీలు లోహపు బిళ్లపై రాపిడి చేయునప్పుడు పుట్టు కర్ణకఠోరమైన ధ్వని ఆనాటివారికి భరింపరానిదయ్యెను. అర్ధశతాబ్దము గడచిన తరువాత, 1953లో ఫ్రాన్సునందలి లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమున డన్‌లప్ డిస్కు బ్రేకులతో పాల్గొన్న జాగ్వార్ సి టైప్ కారు గెలుపొందినప్పుడు లోకము కన్ను దానిపై పడెను. నిడుపాటి తిన్నని బాటలపై ఇతరులు ముందుగానే వేగము తగ్గించుకొనుచుండగా, జాగ్వార్ డ్రైవర్లు మలుపు దగ్గరపడువరకు వేగము విడువక, గంటల తరబడి అదేరీతిని ఆపగలిగిరి. 1955లో డిస్కు బ్రేకులతో సిట్రొయన్ డి.ఎస్. కారు వచ్చినది. అమెరికాలో 1963 నాటి స్టూడీబేకర్ అవంతి, 1965 నాటి కార్వెట్ ఈ మార్గమున నడచినవి.

డిస్కు పని తీరు చెప్పుటకు ఎక్కువ మాటలు అక్కరలేదు. చక్రముతో తిరుగు ఇనుపబిళ్లను కాలిపరులోని పిస్టన్లు ప్యాడ్లతో ఇరువైపులనుండి నొక్కును. బిళ్ల బయట తిరుగుచుండుటచేత గాలి తగిలి చల్లబడును. నీరు పడినను ఆ తిరుగుటలోనే చిమ్మిపోవును, మిగిలినదానిని ప్యాడ్లు తుడిచివేయును. వేడికి వ్యాకోచించిన బిళ్ల ప్యాడ్లకు దూరము గాక మరింత దగ్గరగును. కాని డ్రమ్ములో వలె తిరుగుడే బలమును పెంచు సదుపాయము దీనికి లేదు. కాలు ఎంత బలము పంపునో అంతకు తగినంత మాత్రమే పట్టుకొనును. ఇందులోనే దాని నమ్మకమును, దాని కోరికయు గలవు: రెండు ప్రక్కల సమముగా పట్టును, కాని నొక్కుటకు హెచ్చు ఒత్తిడి కోరును.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. మంచి స్థితిలోనున్న డ్రమ్ములుగల కారును చల్లని బ్రేకులతో ఒక్కసారి ఆపి చూచినయెడల, డిస్కులుగల కారుకంటె అది మిక్కిలి వెనుకబడునని భావింపరాదు. చక్రములు బిగిసిపోవునంతటి బలము రెండింటికిని గలదు. ఆ హద్దు దాటిన పిదప కారును ఆపునది టైరు పట్టు మాత్రమే. డిస్కులు ఇచ్చు మేలు రెండవసారి, మూడవసారి, కొండ దిగునప్పుడు పదియవసారి తెలియును. కావున డ్రమ్ములు గుండ్రముగా నున్నవో లేవో కొలిపించక, కారుచున్న సిలిండర్లు మార్పించక, ఎండి పగిలిన రబ్బరు గొట్టములను అట్లే యుంచి, డ్రమ్ములన్నియు పనికిరానివని తీర్పుచెప్పువారిని చూచిన నాకు బాధ కలుగును. పండుగలకును ప్రదర్శనలకును మాత్రమే కారు తీయువారు ఉన్న డ్రమ్ములను చక్కగా బాగుచేయించుకొన్నచో చాలునని నా దృఢమైన అభిప్రాయము. దినదినము నగరపు రద్దీలోనో, కొండదారులలోనో నడుపువారికి డిస్కులు తగును.

మార్చదలచినవారు మొదట తమ కారు ఏ ఇంజినుతో పుట్టినదో చూచుకొనవలెను. ఆరు సిలిండర్ల మస్టాంగులకు నాలుగు బోల్టుల చక్రములు, 9 అంగుళముల డ్రమ్ములు వచ్చెను. వి 8 ఇంజినుగల కార్లకు ఐదు బోల్టుల చక్రములు, 10 అంగుళముల డ్రమ్ములు. నాలుగు బోల్టుల కారును ఐదు బోల్టుల డిస్కులకు మార్చుట యనగా ముందు చక్రములతో ఆగదు. వెనుక ఇరుసును సైతము మార్చవలసివచ్చును, లేనిచో ముందు వెనుకలకు వేరువేరు చక్రములు, వేరువేరు స్టెప్నీలు మోయవలెను. 1965 నాటి కెల్సీ హేస్ కంపెనీవారి నాలుగు పిస్టన్ల కాలిపర్లను పోలినవి కొత్తగా తయారై లభించుచున్నవి. కారు కాలమునకు తగియుండవలెనను పట్టుదలగలవారు వానిని కోరుదురు. మరికొందరు 1970ల నడుమ వచ్చిన ఫోర్డు గ్రనాడా కారు ముందు చక్రములను మోయు స్పిండిళ్లను, 11 అంగుళముల డిస్కులను పాతసామానుల అంగళ్లలో వెదకి తెచ్చి అమర్చుట చిరకాలముగా జరుగుచున్న పద్ధతి. అది చవుక, కాని స్పిండిలు మారినప్పుడు స్టీరింగు కడ్డీల కొనలు సరిపడక, గతుకులపై చక్రములు తమంత తాము స్వల్పముగా మరలు దోషము తలయెత్తవచ్చును. ఏ పద్ధతియైనను కొనకముందు పాత చక్రమును కాలిపరుపై తొడిగి తిప్పి చూచుకొనుట మంచిది. చిన్న చక్రములు కాలిపరుకు తగులుకొని, బ్రేకుల ఖర్చుపై చక్రముల ఖర్చు వచ్చి పడుట తరచుగా జరుగును.

ఇక అసలు కష్టము చక్రములకు దూరముగా, ఇంజిను వెనుక గోడపై, పెడలు త్రొక్కుడును ఆయిలు ఒత్తిడిగా మార్చు మాస్టర్ సిలిండరులో గలదు. 1966 వరకు మస్టాంగులకు వచ్చిన మాస్టర్ సిలిండరు ఒకే గదిగలది. నాలుగు చక్రములలో ఎక్కడ ఒక గొట్టము పగిలినను నాలుగింటి బ్రేకులును ఒక్కసారిగా పోవును. 1967 నమూనానుండి ముందు చక్రములకొక గది, వెనుక చక్రములకొక గది గల జంట సిలిండరు వచ్చెను. డిస్కులు పెట్టించువారు ఈ జంట సిలిండరును తప్పక పెట్టించవలెను. డిస్కులు పెట్టించనివారును పెట్టించుకొనదగినది. ధన మంతగా లేక రెండింటిలో ఒక్కటే చేయగలవారు నన్నడిగినచో, నేను డిస్కులకు ముందు జంట సిలిండరునే సూచింతును.

పాత సిలిండరును డిస్కులతో వాడకూడకపోవుటకు మరియొక కారణము గలదు. డ్రమ్ములకై చేసిన సిలిండరు నోటియందు ఒక చిన్న వాల్వు ఉండి, పెడలు విడిచిన తరువాతను గొట్టములలో చదరపు అంగుళమునకు సుమారు 10 పౌండ్ల ఒత్తిడిని నిలిపియుంచును. చక్రపు సిలిండర్లలోని రబ్బరు గిన్నెలు గోడలకు అంటుకొని, గాలి చొరకుండుటకు ఇది అవసరము. షూలను వెనుకకు లాగు స్ప్రింగులు బలమైనవి కావున ఆ కొద్ది ఒత్తిడి షూలను కదపలేదు. డిస్కులో స్ప్రింగులు లేవు. పిస్టను చుట్టునున్న రబ్బరు పట్టీ తన వంపునుండి సర్దుకొనుటలో పిస్టనును వెంట్రుకవాసి వెనుకకు తీయును. అంతియే దాని విడుదల. అట్టి డిస్కుపై 10 పౌండ్ల ఒత్తిడి నిలిచినయెడల ప్యాడ్లు బిళ్లను వదలక రాచుకొనుచు, కొన్ని మైళ్లలోనే వేడెక్కి పొగలు గ్రక్కును. అందుచేత ముందు చక్రములకు పోవు దారిలో ఆ వాల్వు ఉండరాదు. వెనుక డ్రమ్ములకు పోవు దారిలో ఉండవలెను.

సిలిండరు లోపలి వ్యాసము సైతము చూడవలసినదే. అదే కాలి బలమునకు 1 అంగుళము వ్యాసముగల సిలిండరుకంటె ఎనిమిదింట ఏడు వంతుల అంగుళముగల సిలిండరు ఇంచుమించు 30 శాతము హెచ్చు ఒత్తిడి నిచ్చును. కాని పెడలు అంతే నిష్పత్తిలో ఎక్కువ దూరము పోవును. ఇంజిను పీల్చు శూన్యముతో పనిచేయు బూస్టరును పెట్టించినచో కాలికి శ్రమ తగ్గును, కాని పందెపు కామ్ షాఫ్టు వేసిన ఇంజిన్లలో ఆ శూన్యము చాలక బూస్టరు ఉన్నను లేనట్లే యగును. నాలుగు పిస్టన్ల కాలిపర్లు, తగిన సిలిండరు, ఆరింటికొకటి నిష్పత్తిగల పెడలు ఉన్నచో బూస్టరు లేకుండనే కారు చక్కగా ఆగును. బూస్టరుకును సిలిండరుకును నడుమనుండు తోపుకడ్డీ విషయమున జాగ్రత్త మరింత అవసరము. ఆ కడ్డీ రవ్వంత పొడవైనను, పెడలు విడిచినప్పుడు ఆయిలు తొట్టిలోనికి తిరిగిపోవు సన్నని రంధ్రము మూసుకొనిపోయి, వేడికి పొంగిన ఆయిలుకు దారిలేక, బ్రేకులు తమంత తామే పట్టుకొనును. కొత్త డిస్కులు బిగించిన పిదప కారు బరువుగా నడచుచున్నదని వాపోవువారు మొదట చూడవలసిన చోటు ఇదియే.

ముందువెనుకల పాళ్లు కుదుర్చుట చివరి ఘట్టము, నా దృష్టిలో అత్యంత గౌరవింపదగినది. మస్టాంగు బరువులో సగముకంటె ఎక్కువ ముందు చక్రములపైననే యుండును. బ్రేకు వేసినప్పుడు మరికొంత బరువు ముందుకు ఒరిగి వెనుక చక్రములు తేలికపడును. అట్టి సమయమున వెనుక చక్రములు ముందుగా బిగిసిపోయినచో కారు తోక ముందునకు తిరిగి సుడిగొట్టును. ముందు డిస్కులకు హెచ్చు ఒత్తిడి కావలెను, ఆ ఒత్తిడియే వెనుక డ్రమ్ములకు పోయినచో అవి స్వయముగా బలము పెంచుకొని అకాలమున బిగియును. ఆనాడు డిస్కులతో వచ్చిన మస్టాంగులకు ఫోర్డువారే వెనుక గొట్టములో ఒత్తిడిని తగ్గించు ప్రపోర్షనింగ్ వాల్వును అమర్చి పంపిరి. నేడు చేతితో త్రిప్పి సర్దుకొనదగిన వాల్వులు దొరకుచున్నవి. నిర్జనమైన విశాలస్థలమున, పొడినేలపై, తక్కువ వేగమున మొదలుపెట్టి, గట్టిగా బ్రేకు వేసి, ఏ చక్రములు ముందు బిగియుచున్నవో మరియొకరిని దూరముగా నిలిపి చూపించుకొనుచు, ముందు చక్రములే వెనుకవానికంటె కొంచెము ముందుగా బిగియునట్లు వాల్వును తిప్పి నిలుపవలెను. ఈ పరీక్ష చేయక కారును ఇంటికి తీసికొనిపోవుటకు సమ్మతించు యజమాని తన ప్రాణమును మాత్రమేగాక యెదుటివారి ప్రాణములను సైతము అదృష్టమునకు వదలుచున్నాడు.

మిగిలిన పనులు మెకానిక్కులు ఎరిగినవే. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండుట పరిపాటి గనుక డ్రమ్ములోని ధూళిని గాలిగొట్టముతో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. గొట్టములకు రాగి పనికిరాదు; ఉక్కు గొట్టములే వాడి వాని కొనలను రెండు మడతలుగా త్రొక్కించవలెను. డాట్ 3 తరగతి బ్రేకు ఆయిలు కొత్తదైనప్పుడు 205 డిగ్రీల సెంటిగ్రేడువరకు మరుగదు. గాలిలోని తేమను పీల్చుకొన్న తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగవచ్చును. డిస్కుల వేడి ఆయిలుకు చేరువగా నుండుటచేత ఏండ్లతరబడి ఆయిలు మార్చకుండుట ప్రమాదము. గాలి పూర్తిగా తీసిన పిదప, కొత్త ప్యాడ్లను మితమైన వేగమున పలుమారులు నెమ్మదిగా ఆపుచు, నడుమ నడుమ చల్లబడనిచ్చుచు బిళ్లకు అలవాటుచేయవలెను. వెనుక చక్రములకు డ్రమ్ములనే యుంచుట చాలమందికి మేలు. హ్యాండు బ్రేకు తీగ వానికే తగులుకొని యున్నది, వెనుక పనియు స్వల్పము.

మన దేశమున 1957నుండి 2014వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు బహుకాలము నాలుగు డ్రమ్ములతోనే నడచినది. తెలుగు జిల్లాలలో దానిని ఇంటి బిడ్డవలె చూచుకొనువారు ఇంకను ఉన్నారు. యంత్రభాగములు వేరైనను, పైన చెప్పిన సిలిండరు లెక్కలు, నిలువ ఒత్తిడి, ముందువెనుకల పాళ్లు దానికిని వర్తించును. అయితే ఇచ్చట చట్టమును గూడ తెలిసికొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రమున చేరిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2021లో వచ్చిన వింటేజి వాహనముల నియమములు, 50 ఏండ్లు దాటి మూలరూపమున నిలిచిన వాహనములకు ప్రత్యేకముగా ‘వి.ఎ.’ అక్షరములతో నంబరు నిచ్చుచు, ఛాసీ, బాడీ, ఇంజినుల యందు పెద్ద మార్పులు జరిగినవానిని ఆ గౌరవమునకు దూరముగా నుంచుచున్నవి. కావున పని మొదలుపెట్టకముందు ప్రాంతీయ రవాణా కార్యాలయమున అడిగి లిఖితపూర్వకముగా తెలిసికొనుట అవసరము. తీసివేసిన డ్రమ్ములను, షూలను, పాత మాస్టర్ సిలిండరును తుక్కు బేరగానికి అమ్మక, నూనె రాచి, ఏది ఏ చక్రమునకు చెందినదో చీటి కట్టి భద్రపరచినచో, తరువాతి యజమాని కారును మరల పూర్వరూపమునకు తేదలచిన నాడు వానికొరకు ఊరూర వెదుకవలసిన పని యుండదు.